శుక్రవారం రిజిస్టరు

మొదటి శుక్రవారం ముగ్గురమే.
నేను, ఫిజిక్స్ నస్రీన్, తాళంచెవులు పట్టుకున్న సారయ్య.
ఇరవై ఆరు కుర్చీలు
ముడి విప్పని గోనెసంచుల లెక్క మా దిక్కు చూసుకుంట.

పోస్టరు నేనే రాసిన, స్కెచ్ పెన్నుతోని:
'పరిశోధక విద్యార్థుల సెమినార్. మూడు గంటలకు. చాయ్ ఉంటది.'
చాయ్ మాట కింద గీత గూడ గీసిన.

అప్పటిదాంక
ఒకే హాస్టల్ల ఒకే నీళ్లపప్పు తినుకుంట
ఒకరి టాపిక్ ఒకరికి తెల్వకుంట బతికినోళ్లం.
అడిగితే 'నడుస్తాంది' అనేటోళ్లం.
నాలుగేండ్ల సంది ఆగిన బండి గూడ
మా నోట్లె నడుస్తనే ఉండె.
లైబ్రరీల, ఎవరన్న పక్కకు వస్తే
పేజీ మీద మోచెయ్యి అడ్డం వడేది.
ఐదో తరగతి పరీక్షల నేర్సిన మోచెయ్యి అది.

రెండో వారం ఐదుగురు. మూడో వారం ఇద్దరు, వాన.
నాలుగో వారం సారయ్య అన్నడు:
'మేడం, ఫ్యాన్లన్న బందువెట్టుండ్రి,
కుర్చీలకు సలివెడ్తాంది.'

ఆ తర్వాత ఈసం స్వరూప వచ్చింది,
ఏటూరునాగారం అవుతలి నుంచి,
మ్యాపులకెక్కని వాగుల పేర్లు పట్టుకొని.
మొదలువెట్టంగనే కరెంటు పోయింది.
స్లైడ్లు పోయినయి.
మబ్బు కమ్మిన ఆ మసక గదిల
ఒక్కొక్క పేరు చెప్పుకుంట పోయింది.
నలభై ఒక్క వాగులు.
ఎవ్వలం రాసుకోలే.

నస్రీన్ అడిగింది:
'ఎవ్వరూ పలుకని పేరును
లెక్కల వేస్తవా, తీసేస్తవా?'

స్వరూప శానసేపు ఆగింది.
'నాకు తెల్వదు' అన్నది.

ఆ మాట మేమెవ్వలం ఎన్నడూ అనలే,
గైడు ముందట అనలే, ఇంటర్వ్యూలల్ల అనలే,
ఇంకెన్నడైతది అన్న అమ్మతోని గూడ అనలే.
కొత్త చెప్పు కరిసే కాడ
ఎవరో ఇంత దూది పెట్టినట్టయ్యింది.

ఆ రాత్రి రిజిస్టర్ల ఇంకో గడి గీసిన.
పేరు, శాఖ, అంశం, సంతకం.
ఆ పక్కన: తెల్వనిది.

గుగులోతు మంజుల రాసింది:
'తాలు అన్నది మిర్చి గుణమా, ఎనుమాముల ధర గుణమా?'
కెమిస్ట్రీ కుమారస్వామి రాసిండు:
'మా నాయిన గోర్లల్ల నీలిరంగు
ఏ సబ్బుకూ ఎందుకు దిగదు?'

అంతా తియ్యగనే ఏం జరగలే.
మంజుల మాట్లాడిననాడు సీనియర్ రాజేందర్
'ఇది గూడ పరిశోధనేనా' అన్నడు.
రెండు శుక్రవారాలు ఆమె రాలే.
మూడోనాడు వచ్చి, ఆయన పక్కనే కూసుని,
ఆయన పట్టికల ఏడో వరుస కూడిక తప్పని
పెన్సిల్‌తోని చూపింది.
ఆయన చాయ్ సల్లారిపోయింది.
ఇప్పుడు ఇద్దరూ కొట్లాడుకుంటనే ఉంటరు,
ఒకరి చాప్టర్ ఒకరు దిద్దుకుంట.

గదిని పరీక్షలకు తీసుకున్ననాడు
కుమారస్వామి కొత్తవాడ నుంచి షత్రంజి తెచ్చిండు.
రెండు దారాలు తప్పినయని సేటు వద్దన్నదట.
వరండాల పరిసినం.
ఆ తప్పిన దారాల కాడ కూసునేటందుకే
అందరూ ముందుగాల వచ్చుడు.

నేను మాత్రం ఒక్కనాడూ మాట్లాడలే.
పోస్టరు రాసే మనిషికి
దాసుకునే జాగ పోస్టరు ఎనుకనే దొరుకుతది.
పిలుసుడు, చాయ్ పోసుడు, సంతకాలు పెట్టించుడు,
గివి గూడ ఒక తీరు మోచెయ్యే.

కుర్చీలు ఎత్తుకుంట సారయ్య అడిగిండు,
ఏదో తాళం సంగతి అడిగినట్టు:
'మేడం, మీ గడి ఖాళీగున్నది.'

పొద్దుగాల నోటీసు బోర్డు మీద
వచ్చే శుక్రవారం పోస్టరు.
నా పేరున్నది. నా రాత కాదు,
మంజుల వంకర అక్షరాలు.
అంశం కాడ సుక్కలు పెట్టి ఇడిసింది, నేను నింపాలెనని.

చాయ్ కింద గీత మాత్రం
నేను గీసే దానికన్న రెండింతలు మందం.